షణ్ముగం భుజం మీది తుండుగుడ్డ

తిరుత్తణి మగ్గాల వీధిలో షణ్ముగాన్ని ఎరగనోడు ఉంటే, వాడు ఆ పొద్దే పుట్టిన బిడ్డయ్యుండాల. మనిషి సన్నం, మీసం మాత్రం ముగ్గురికి పంచొచ్చు. ఎలక్షనొస్తే రెండు పార్టీల తుండుగుడ్డలూ ఆయన మగ్గం మీదే దిగతాయి, ఒకరికి పచ్చంచు, ఇంకొకరికి ఊదా అంచు. ఎవరొచ్చినా "నేను మీ మనిషినే అన్నా" అంటాడు. ఎదుటి పార్టీవాడని తెలిస్తే పని పోతాదని భయం. అందుకే తనకోసం ఒక తుండు నేసుకున్నాడు, ఒక పక్క పచ్చంచు, ఇంకో పక్క ఊదా. ఎవరొస్తే వాళ్ల అంచు పైకి మడిచి భుజాన ఏసుకుంటాడు. ఆ మడత మార్చే వేగం చూస్తే రైల్లో జేబులు కొట్టేవాడు కూడా కాళ్లకు దండం పెడతాడు.

మొన్న టీ అంగడికాడ రెండు పార్టీల క్యాండిడేట్లూ ఒకేసారి దిగినారు. షణ్ముగం ఇటు మడిచినాడు, అటు మడిచినాడు, చెయ్యి తడబడి తుండు జారి ఇద్దరి నడాన రోడ్డు మీద పరుచుకునింది. టీ తాగేవాళ్లంతా గ్లాసులు దించి తొంగి చూసినారు. అంగడికాడే ఉన్న పెండ్లాం దేవసేన, "ఇప్పుడన్నా చెప్పు మామా, నువ్వు ఎవరి మనిషివో మేమూ వినాల" అనింది. క్యాండిడేట్లు తుండు చూసినారు, ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు, చెరొక దిక్కు పోయినారు.

"పనంతా పోయె" అని షణ్ముగం మగ్గం ముందర తలకాయ పట్టుకుని కూచున్నాడు. సాయంత్రం పచ్చ పార్టీవాడొకడు సందులోంచి వచ్చి చెవిలో, "అన్నా, మా క్యాండిడేటయ్యకు అట్లాంటి రెండంచుల తుండే ఒకటి కావాలంట. ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. వాడు అట్ల పోయినాడో లేదో, ఊదా పార్టీవాడు వాకిట్లో చెప్పులిడస్తా ఉండాడు.