‘రేపు’ అనే మాటకి కూలి

సూదమ్మని అందరూ అలాగే పిలిచేవాళ్ళు, బట్టలు కుట్టేది కదా. కిటికీ లేని గది, మిషను, ఆవిడా. కళ్ళా, మసకలేస్తున్నాయి. వీధి మలుపులో అమ్మకానికో గదుంది, దానికి గోడంత కిటికీ. మిషను తొక్కుతూ తొక్కుతూనే సూదమ్మ ఆ గదిలోకి వెళ్ళిపోయేది. ఒళ్ళో గుడ్డ మీద ఎండ నీళ్ళలా పారేది, దారం దానంతటదే సూదిలో దూరేది. ఆ గది కోసమే కడుపు కట్టుకుని దాచిందంతా మ్యూచువల్ ఫండ్లలో పెట్టింది.

ఆ డబ్బు చూసిపెట్టడానికో సలహాదారు. లాభమొచ్చినా రాకపోయినా ఏడాదికి వందకి ఒకటి వాడికి పోవాల్సిందే.

“కూర్చోబెట్టి మేపుతున్నావు వదినా! ఫోన్లో మనమే పెట్టుకుంటే వెయ్యికి ఒకటి కూడా పడదు” అని ఆడపడుచు పోరింది. అదీ నిజమే. వాణ్ణి మానిపించేసింది.

కొన్నాళ్ళు బాగానే ఉంది. ఇంతలో షేర్ మార్కెట్టు పడింది. కుట్టేవాళ్ళకో అలవాటుంటుంది, వంకర కుట్టు కనబడితే అక్కడికక్కడే విప్పెయ్యడం. సూదమ్మ డబ్బునీ అలాగే విప్పింది. ఉన్నదంతా అయినకాడికి అమ్మేసింది. ఏడాది తిరక్కుండానే మార్కెట్టు లేచి కూర్చుంది. వాడు ఏళ్ళ తరబడి తినేది ఒక్క పూటలో పోయింది. ఆ తర్వాత కలలో కూడా గదికి తాళమే.

ఉండబట్టలేక సలహాదారు దగ్గరికెళ్ళింది. “ఇంతకీ నువ్వు చేసేదేంట్రా నాయనా?”

“మార్కెట్టు పడ్డప్పుడు అమ్మెయ్యమని మీలాంటివాళ్ళు ఫోన్ చేస్తారు కదమ్మా, ‘రేపు మాట్లాడదాం’ అంటాను.”

“ఆ ముక్కకా వందకి ఒకటి?”

“చాలావరకు ఆ ముక్కకేనమ్మా.”

ఇంటికొచ్చి, మిగిలింది మళ్ళీ ఫండ్లలో తనే పెట్టి, ఫోను ఆడపడుచు ఒళ్ళో పడేసింది. “దీని పాస్‌వర్డ్ మార్చి నీ దగ్గరుంచుకో. నేను అమ్ముతానంటే వద్దని చెప్పు.”

“నీ మాటకి అడ్డం చెప్పడానికి నాకు కూలెందుకు వదినా, ఊరికే చెబుతా!”

మార్కెట్టు మళ్ళీ పడింది. సూదమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. “ఇవ్వవే ఫోను, నీకు పుణ్యముంటుంది!”

“రేపు చూద్దాంలే. ముందా గుండీలు కుట్టు.”

నోటికొచ్చినట్టు తిట్టుకుంటూనే కుట్టింది. కుడుతూ కుడుతూ కునుకు తీసింది. డబ్బు మాత్రం నీటి అడుగున చేపలా, ఎవరి చెయ్యీ తగలకుండా, తన మానాన తను మెల్లగా కదులుతూనే ఉంది.