సుద్దగీత దాటిన నాబ్

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా వీధి మొత్తం ఒక పాట కోసం అరగంట సేపు మగ్గాలు ఆపింది. ఆ అరగంటను పాడుచేసింది నేను. ఇన్నేళ్లూ ఆ తప్పు మా మామ పేరు మీద ఉండిపోయింది. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

మామ అంటే అమ్మ తమ్ముడు. మా ఇంట్లోనే ఉండేవాడు. ఆయన దగ్గర ఒక టేప్‌రికార్డరు, ఒక మైకు, ఒక హార్మోనియం ఉండేవి. తాడిమర్రి నుంచి బుక్కపట్నం దాకా ఏ ఊళ్లో భజన జరిగినా క్యాసెట్టు చేసేది ఆయనే. పక్కింటి అక్క గొంతు అంటే ఆయనకు చాలా గౌరవం. ఆమె పై స్థాయిలో పాడుతుంటే మగ్గం గుంతలో కూర్చున్నవాళ్లు కూడా చేయి ఆపి వినేవాళ్లు. రేడియోలో పాడేందుకు కొత్తవాళ్లను తీసుకుంటున్నారని తెలిసి, క్యాసెట్టు పంపాల్సిందేనని మామ పట్టుబట్టాడు. అక్క కూడా గొంతు చెడకూడదని, పాట రికార్డు చేసే రోజుకు ముందు వారం రోజులు పెరుగు ముట్టలేదు.

మా వీధిలో పగలంతా మగ్గాల చప్పుడే. ఎంత బాగా పాడినా పాట వెనక అదీ వినిపిస్తుంది. అలా పాటతోపాటు వద్దన్నా లోపలికి వచ్చే చప్పుడును నాయిస్ అంటారని మామ చెప్పాడు. అందుకని ఇంటింటికీ తిరిగి అరగంట ఆపమని అడిగాడు. చీర నేత మధ్యలో ఉన్నవాళ్లు సైతం ఒప్పుకున్నారు.

ఆ మధ్యాహ్నం అక్కతో ఒక చరణం పాడించుకుని, మామ గెయిన్ అనే నాబ్‌ను అటూ ఇటూ తిప్పి సరిచేశాడు. మైకులోంచి పాట ఎంత బలంగా టేపులోకి పోవాలో చెప్పేది ఆ నాబే. అక్క ఎంత గట్టిగా పాడినా మీటరులో సూది ఎర్రగీత దాటకూడదట. సరైన చోట నాబ్ పక్కన సుద్దముక్కతో ఒక గీత గీశాడు. అంతలో వీధి చివరింట్లో మగ్గం మళ్లీ మొదలైంది. ముట్టుకోవద్దని నాకు చెప్పి, వాళ్లను ఆపమనడానికి పోయాడు. అక్క నీళ్లు తాగడానికి లోపలికి పోయింది.

అక్క పాడినప్పుడు సూది ఎర్రగీతకు చాలా కిందే ఆగిపోవడం నేను చూశాను. రేడియోవాళ్లు ఎక్కడో దూరాన ఉంటారు, ఇంత తక్కువైతే వాళ్లకేం వినిపిస్తుందనుకున్నాను. అక్క గెలవాలనే నా ఆశ. నాబ్‌ను సుద్దగీత దాటించి బాగా తిప్పేశాను. మామ వచ్చి, నాబ్ వైపు చూడకుండానే టేపు ఆన్ చేసి, అటు తిరిగి హార్మోనియం ముందు కూర్చున్నాడు. అక్క పై స్థాయికి పోయిన ప్రతిసారీ సూది ఎర్రగీత దాటి కొట్టుకుంటుంటే నాకు సంబరంగా ఉంది. పంపడానికి అదే ఆఖరి రోజు కావడంతో, వెనక్కి తిప్పి వినే తీరిక లేక అలాగే పోస్టు చేశారు.

నెల తర్వాత క్యాసెట్టు తిరిగొచ్చింది. పై స్థాయిలో గొంతు చీలుతోందని దాంతోపాటు వచ్చిన ఉత్తరంలో రాశారు. అక్క ఆ ఉత్తరాన్ని ఎవరికీ ఇవ్వకుండా నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. మామ క్యాసెట్టు రెండుసార్లు విన్నాడు. ఆ రోజు టేప్‌రికార్డరు దగ్గర ఒంటరిగా ఉన్నది నేనే. అయినా నన్నేమీ అడగలేదు.

మా నాయన పట్టుకు రంగులద్దేవాడు. మామ నన్ను రంగుల పొయ్యి దగ్గరికి తీసుకుపోయి, మూలన పడేసిన పట్టుదారం కట్ట ఒకటి చేతికిచ్చాడు. ఎక్కువ ఉడికి చెడిపోయిన దారం. కాస్త లాగితే చాలు, పుటుక్కున తెగుతోంది.

"దీన్ని ఇప్పుడు చన్నీళ్లల్లో పెడితే బాగైతాదేమబ్బా?"

"యాడ బాగైతాది మామా, ఉడికిపోయినాక," అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. ఇంట్లోకి తీసుకుపోయి అక్క పాట పెట్టి, వాల్యూమ్ మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాడు. పాట చిన్నదైంది. అందులోని చీలికా చిన్నదైంది, కానీ పోలేదు. "గెయిన్ లోపలికి పోయేటప్పటిది. వాల్యూమ్ బయటికి వచ్చేటప్పటిది. లోపలికి పోయేటప్పుడే చెడితే బయట ఎంత తగ్గించినా అంతే," అన్నాడు. దీన్ని డిస్టార్షన్ అంటారనీ, చీలింది అక్క గొంతు కాదనీ చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది.

అక్కకు నేను చెబుతానేమోనని సాయంత్రం దాకా ఎదురుచూశాడు. నేను నోరు విప్పలేదు. చివరికి తానే పోయి, గెయిన్ లెవెల్ సరిగా పెట్టనిది తనేనని అక్కకూ వీధికీ చెప్పాడు. వీధంతా మగ్గాలు ఆపించి చేసిన పని ఇదా అన్నారు. భజన చేసేవాళ్లు హిందూపురం పోయి క్యాసెట్లు చేయించుకోవడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కముందే మామ పెనుకొండకు పోయి రేడియోలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. అక్క మళ్లీ క్యాసెట్టు పంపనే లేదు.

ఇప్పుడు హిందూపురంలో నాకొక చిన్న రికార్డింగు గది ఉంది. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు, మీటరు ఎర్రగా వస్తే కంప్యూటర్లో తర్వాత తగ్గించుకోవచ్చు కదా సార్ అంటారు. ఉడికిన పట్టు సంగతి చెబుతాను. నాబ్ తిప్పిందెవరో మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

పోయిన నెల ధర్మవరం పోయి అక్కకు చెప్పేశాను. ఆమె రాగులు చెరుగుతోంది. చేట ఒళ్లో పెట్టుకుంది.

"మీ మామ నన్ను ఓదార్చనీకి అట్ల చెప్పినాడనుకుంటినప్పా. నా గొంతే చీలిందనుకోని ఆ పొద్దు నుంచి కిందనే పాడుతాండా," అంది.

భజనల్లో ఆమె పై స్థాయి వదిలేయడం నాకు తెలుసు. వయసు వల్ల అనుకునేవాణ్ణి.  అక్క చేటతో నా భుజం మీద ఒకటి తట్టి, "నలభై ఏండ్లకు నోరు లేసెనా నీకు. రికార్డింగు మిషన్ తెచ్చినావా?" అంది.

సంచిలోనే ఉంది. గోడ అవతల మరమగ్గం కొడుతోంది. అక్క లేచి, కాసేపు ఆపమని దాన్ని నడిపే పిల్లవాణ్ణి కేకేసింది. మగ్గం ఆగింది. ఒక చరణం పాడించుకుని, గెయిన్ కిందికే పెట్టాను. అక్క కళ్లు మూసుకుని ఆనాటి పాటే, ఆనాటి స్థాయిలోనే ఎత్తుకుంది. గొంతు కాస్త వణికింది. చీలలేదు.

ఆ పాటను ఫోనులోకి ఎక్కించుకుని, అటునుంచే పెనుకొండ పోయి మామకు వినిపించాను. అక్కకు చెప్పానని కూడా చెప్పాను. ఆయన ఫోను చెవికి ఆనించుకుని చివరిదాకా విని, "లెవెల్ సరిగ్గా ఉండాది," అన్నాడు. 

ఇప్పటికీ ఎవరైనా పాడబోయే ముందు నా కళ్లు నాబ్ పక్కన సుద్దగీత కోసం వెతుకుతాయి. ఈ మధ్య పిల్లలకు ఆ కథ మొత్తం చెబుతున్నాను, నాబ్ తిప్పిన చేయి ఎవరిదో కూడా.