మంచు ఎండలో ఆముదం చుక్క

కొండ మీది సైనిక పోస్టుకు చేరింది ఉదయం తొమ్మిదిన్నరకు. చుట్టూ మంచు. వీపున ఇరవై కిలోల సంచి, చేతిలో రైఫిల్, కళ్లకు నల్లద్దాలు. ఆజ్ఞ ఒక్కటే: బంకరు దాటితే అద్దాలు తీయకూడదు.

మాది కమలాపురం. రేడియో చూసే సిగ్నల్‌మన్‌ది రాయచోటి. అద్దాలకు ఆవిరి పడుతోందని అతను తీసి జేబులో వేసుకున్నాడు.

"మన పక్క ఎండల్లో పుట్టినోళ్లం. మంచు మీది ఎండ మనల్నేం చేస్తాదప్పా?"

నవ్వి నేనూ తీశాను. నాలుగు గంటలు యాంటెన్నా బిగించాం.

సాయంత్రం ఆరింటికి కళ్లు మంటెత్తాయి. అతను చేతి తొడుగుతోనే కుడికన్ను నలిపాడు.

"కండ్లల్లో కారం కొట్టినట్టుండాది."

ఊరి నుంచి బయల్దేరేటప్పుడు మా అమ్మ నా సంచిలో ఆముదం సీసా పెట్టింది. మా ఇళ్లలో కంటికి ఏమైనా ముందు ఆముదమే. నలిపిన కంటికే బాధ ఎక్కువని అతని కుడికంట్లో చుక్క వేశాను. నాకు తడిగుడ్డ చాలనుకున్నాను.

రెండో రోజుకు నా కళ్లు తేరుకున్నాయి. అతని ఎడమకన్నూ తేరుకుంది. కుడికన్ను మాత్రం వెలుతురుకు తెరుచుకోలేదు. రెప్ప ఎత్తి చూస్తే నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క.

"నర్సింగ్ అసిస్టెంటుకు చెప్దాం," అన్నాను.

"వద్దు, చెప్పాకప్పా. కిందికి పంపిస్తే మళ్లా రేడియో ఇయ్యరు. ఇంకో చుక్క ఎయ్యి."

వేశాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆ కంటికి అక్షరాలు కనపడటం లేదన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పరుగెత్తాను. నర్సింగ్ అసిస్టెంట్ టార్చితో చూసి, నా చేతిలోని ఆముదం సీసా తీసుకున్నాడు. తిట్టలేదు.

"మంచు ఎండ దెబ్బయితే చీకట్లో కళ్లు మూసుకుని ఉంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. నలపకూడదు, నూనెలు వేయకూడదు. తగ్గకపోయినా, చూపు మసకబారినా, తెల్లచుక్క కనిపించినా గంట కూడా ఆగకూడదు. నిన్న ఎందుకు చెప్పలేదు?"

నేను రేడియో దగ్గరికి నడిచాను. అతని బదులు కబురు చెప్పాల్సింది కూడా నేనే.

"ఒక మనిషి. కుడికన్ను. చూపు పోతోంది. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"గాలి ఎక్కువ. రేపు ఉదయం. ఓవర్."

మర్నాడు హెలికాప్టర్‌లో అతన్ని పంపాం. ఆరు నెలలకు నేను దిగాను. ఇప్పుడు ఊళ్లో ఎవరైనా కన్ను నొప్పంటే బండెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను. చాదస్తమంటారు. అననీ.

దిగిన వారానికి రాయచోటి వెళ్లాను. అతని కుడికంటికి చూపు రాలేదు. వాళ్లమ్మ టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆమె ముఖం చూడటానికి నాకు సిగ్గేసింది.

"నువ్వేం చేస్తావప్పా, ఎయ్యమనింది నేనే కదా," అంటూ అతను గ్లాసుకు చెయ్యి చాపాడు. ఒంటికంటికి దూరం అందక, వేళ్లు గ్లాసుకు బెత్తెడు ఇవతలే మూసుకున్నాయి.