మా ఇంటి కరెంటు చేసిన నేరం

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదు. ఇంజనీరింగు చదివి ఇంట్లో కూర్చున్న ప్రతివాడికీ ఈ దశ ఒకటి వస్తుందనుకుంటాను. ఉద్యోగం రాకపోయినా ఊరందరికీ సలహాలిచ్చే హోదా మాత్రం వచ్చేస్తుంది. కనకమ్మ సత్రం దగ్గర మా పల్లెలో ఎవరి సెల్‌ఫోను మొండికేసినా, ఎవరి టీవీలో బొమ్మ రాకపోయినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నేను ఆ వస్తువును చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కనుబొమలు ముడిచి "ఊఁ" అనేవాణ్ణి. సగం రోగాలు ఆ "ఊఁ"తోనే కుదిరేవి (మిగతా సగం ఆపి మళ్ళీ వేస్తే కుదిరేవి). అంత పేరున్నవాణ్ణి నా సొంత కంప్యూటరు దగ్గర ఎలా పరువు పోగొట్టుకున్నానో చెబుతాను. ఇన్నేళ్ళయినా చెప్పబోతే ముందుగా చెవులు వేడెక్కుతున్నాయి.

మా డెస్క్‌టాప్ నేను కాలేజీలో చేరిన ఏడాది కొన్నది. మీట నొక్కి స్నానానికి వెళ్ళివస్తే అప్పటికి తెర మీద ఏదో ఒకటి కదలడం మొదలయ్యేది. సాయంత్రాలు కాలేజీ స్నేహితులు ఆన్‌లైన్లో తుపాకుల ఆట ఆడేవాళ్ళు. నా తెర మీద నేను ఇంకా గుమ్మం దాటుతూ ఉండగానే వాళ్ళు నన్ను చంపేసి, నా తుపాకి కూడా తీసుకుని వెళ్ళిపోయి ఉండేవాళ్ళు. ఆ అవమానం ఇంట్లో చెప్పుకునేది కాదు. ఇంతలో తిరుత్తణిలో కొండ కింద స్టూడియో నడిపే అన్న ఒకాయన కబురు పెట్టాడు. కొండ మీద జరిగే పెళ్ళిళ్ళు, పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టే వేడుకలు అన్నీ ఆయనే వీడియో తీసేవాడు. "తంబీ, నా దగ్గర ఎడిటింగ్ చేసేవోడు మెడ్రాసుకు ఎళ్ళిపోయినాడు. నీకు వచ్చునంట గదా. ఒక పెండ్లి ఇస్తాను, చేసి చూపించు. బాగుంటే ఈ సీజనంతా నీకే. అయితే నీ సిస్టం తాళతాదా?" అన్నాడు. అది నా మొదటి ఉద్యోగం కాబోయే మాట. "తాళుతుందన్నా, అప్‌గ్రేడ్ చేస్తున్నాను" అన్నాను, ఆ నిమిషం వరకూ ఆ ఆలోచన లేకపోయినా.

అప్‌గ్రేడ్ అంటే ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు. బొమ్మలకు సంబంధించిన బరువు పనంతా అదే మోస్తుంది. ఇంట్లో అది ఎడిటింగ్ కోసమని చెప్పాను (ఆట సంగతి చెప్పలేదు, నాయన అడగనూ లేదు, ఆయన నన్ను ఏదీ అడిగేవాడు కాదు). చెన్నై వెళ్ళి కొని, తిరువళ్ళూరు దాకా రైల్లో, అక్కడినుంచి బస్సులో ఆ డబ్బాను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. పెట్టె విప్పి కార్డును లోపల బిగించాను. ఫ్యాన్లు తిరిగాయి, రంగురంగుల లైట్లు వెలిగాయి. ఇక మిగిలింది తెరకు పోయే కేబుల్. పెట్టె గోడకు ఆనుకుని ఉందని, చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకుంటూ ఆ కేబుల్‌ని అది ఎప్పుడూ ఉండే చోటే గుచ్చేశాను. కంప్యూటరు తెలిసినవాళ్ళు ఇక్కడే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. తెలియనివాళ్ళకి చెబుతున్నాను: తెర కేబుల్‌ని కొత్త కార్డుకి పెట్టాలి. నేను చేసింది కొత్త బోరు వేయించి, పైపును మాత్రం పాత బావిలోనే ఉంచినట్టు. కొత్త కార్డు లైట్లు వేసుకుని ఊరికే కూర్చుంటే, పాత ప్రాణమే మునుపటిలా రొప్పుతూ పని చేసింది.

ఆ సంగతి నాకేం తెలుసు? అమ్మనీ, నాయననీ పిలిచి తెర ముందు నిలబెట్టాను. "తేడా తెలస్తా ఉండాదా?" అన్నాను. నాయన కండువాతో ముఖం తుడుచుకుని చాలాసేపు చూశాడు. "తెలస్తా ఉండాది. ముందరికంటే తెల్లగా ఉండాది" అన్నాడు. పొద్దున అమ్మ తడిగుడ్డతో తెర తుడిచింది, అంతే. నాకు మాత్రం ఆకుపచ్చ ఇంకా పచ్చగా, ఎరుపు ఇంకా ఎర్రగా నిజంగానే కనిపించాయి. స్నేహితులకు ఫోను చేసి, మీ కళ్ళతో చూస్తే గానీ నమ్మరని చెప్పాను.

ఇక పెళ్ళి పని మొదలుపెట్టాను. పెళ్ళికొడుకు తాళి ఎత్తుతాడు, చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. మేళగాడి బుగ్గలు ఉబ్బుతాయి, మళ్ళీ తగ్గవు. కొత్త కార్డు వేశాక కూడా ఇలా జరుగుతోందంటే తప్పు నాది కాదు, కార్డుది కాదు, ఇంకెవరిదో అయి ఉండాలి. సరిగ్గా అప్పుడు వంటింట్లో మిక్సీ మోగింది. దొంగ దొరికాడనుకున్నాను. "అమ్మా, మిక్సీ ఆపు. వోల్టేజీ పడిపోతా ఉండాది" అని కేకేశాను. అమ్మ వెంటనే ఆపేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి "నాకేమి తెలుసురా, ముందే చెప్పుంటే నేను వేసుండనే గదా" అంది. మర్నాటినుంచి పెరట్లో ఓ మూల పడున్న రోలును కడిగి, పచ్చడి, ఇడ్లీ పిండి అన్నీ అందులోనే రుబ్బసాగింది.

అయినా పెళ్ళికొడుకు చెయ్యి దిగలేదు. రెండో దొంగ నాయన మోటరు. మల్లెతోటకు నీళ్ళు పెట్టే ఆ మోటరు వేసినప్పుడల్లా నా పని ఆగిపోతోందని చెబితే, నాయన "సరేలే, నేను కోడికూతకు ముందే లేచి తడుపుకుంటాను. నీ పని చూసుకో" అన్నాడు. మూడో దొంగ పక్కింటి అత్త టీవీ. ఆవిడకి సీరియళ్ళంటే ప్రాణం. పాపం, పిట్టగోడ మీదినుంచి తొంగిచూసి "అబ్బయ్యా, నీ పెండ్లి ముగిసిందా? టీవీ పెట్టుకోవచ్చునా?" అని అడిగేది. లేదత్తా అంటే మారుమాట లేకుండా తల లోపలికి తీసుకునేది. ఇలా నా కంప్యూటరు కోసం రెండిళ్ళు నిశ్శబ్దంగా మారిపోయాయి. ఆటలో ఓడినప్పుడల్లా ఇదే వోల్టేజీ కథ చెప్పేవాణ్ణి కాబట్టి స్నేహితులు నాకు "లో వోల్టేజ్" అని పేరు పెట్టారు.

ఇంట్లో దొంగలు అయిపోయాక తిరుత్తణి మీద పడ్డాను. "అన్నా, మీ కెమెరా ఫైళ్ళలోనే ఏదో లోపం ఉండాది" అన్నాను. అన్న బుర్ర గోక్కున్నాడు. "ఇదే కెమెరాతో ఎన్ని పెండ్లిండ్లో తీసినాను తంబీ. మునుపటోడు ఏమీ చెప్పలేదే."

"మునుపటోనికి తెలిసుండదన్నా. ఈసారి క్వాలిటీ తగ్గించి తియ్యండి, ఫైళ్ళు సరిగ్గా వస్తాయి."

(ఈ మాటలు రాస్తుంటే పెన్ను పక్కన పెట్టి, లేచి నీళ్ళు తాగి వచ్చాను.) అన్న మంచివాడు. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని తిరువాలంగాడులో జరిగిన తర్వాతి పెళ్ళిని నా మాట ప్రకారమే తక్కువ క్వాలిటీలో తీశాడు.

ఆయుధపూజ వచ్చింది. నాయన కొడవళ్ళు, పార, మోటరు స్టార్టరు. అమ్మ కత్తిపీట, రోలు. నా తరఫున కంప్యూటరు. అన్నిటికీ గంధం, కుంకుమ. తెరకు పెట్టాను, కీబోర్డుకు పెట్టాను, పెట్టె ముందువైపు పెట్టాను. "వెనక గూడా పెట్టరా, అన్నిట్నీ చుట్టూ పెట్టాల" అంది అమ్మ. కార్డు బిగించినప్పటినుంచీ నేను ఆ పెట్టె వెనకవైపు చూడలేదు. బల్ల లాగి, వేలి మీద గంధంతో, ఇంకో చేతిలో ఫోను లైటుతో వంగాను. కొత్త కార్డు రంధ్రాలకు కంపెనీవాళ్ళు తొడిగిన చిన్న ప్లాస్టిక్ మూతలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. వాటికి జానెడు పైన, పాత రంధ్రంలో, నా చేతులతో నేను గుచ్చిన కేబుల్ ఉంది. గంధం వేలు అలాగే గాల్లో ఆగిపోయింది, అచ్చం ఆ పెళ్ళికొడుకు చెయ్యిలాగే.

వెనక కర్పూరం వెలిగింది. నాయన గంట వాయిస్తున్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని పైకే మొక్కుకుంటోంది: "తిరుత్తణి సామీ, బిడ్డ కంప్యూటరు కుదురుగా నడిస్తే మెట్లెక్కి నీ కొండకు వస్తాను." ఆ మాట విని నాకు బల్ల కిందికి దూరి అక్కడే ఉండిపోవాలనిపించింది. హారతి కళ్ళకద్దుకుని, అందరితో పాటు పొంగలి తిన్నాను.

మర్నాడు ఏదో పని ఉందని చెప్పి తిరువళ్ళూరు వెళ్ళి, పాత కేబుల్ మొన పట్టదు కాబట్టి కొత్త కార్డుకి సరిపోయే మామూలు కేబుల్ ఒకటి తెచ్చాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మూతలు ఊడదీసి జేబులో వేసుకుని, కేబుల్ పెట్టాను. పెళ్ళికొడుకు తాళి కట్టేశాడు. మేళగాడు ఊపిరి వదిలాడు. పెళ్ళంతా గలగలా సాగిపోయింది. ఆటలో మాత్రం స్నేహితులు నన్ను మునుపటి వేగంతోనే చంపారు. అది వోల్టేజీ వల్ల కాదని ఆ రోజు అర్థమైంది.

అసలు తంటా ఇప్పుడు మొదలైంది. కంప్యూటరు బాగా నడవడం చూసి అందరికీ నమ్మకం ఇంకా ముదిరిపోయింది. "చూసినావా, మేమందరం కొంచెం ఓర్చుకుంటే ఎట్ల నడస్తా ఉండాదో" అంది అమ్మ. ఇక మిక్సీ వేసుకోమన్నాను, ఇప్పుడేం కాదన్నాను. "వొద్దులేరా. మళ్ళా ఏమన్నా అయితే? నీ సీజను ముగిసేదాకా ఇట్లనే పోనీ" అంది. నాయన కోడికూతకు ముందే టార్చిలైటు తీసుకుని తోటకు పోతూనే ఉన్నాడు. అత్త పిట్టగోడ మీదినుంచి తొంగిచూస్తూనే ఉంది. నిజం చెబితే తప్ప ఈ ఇంట్లో మిక్సీ మోగదు. నిజం చెబితే నా "ఊఁ"కి ఇక విలువ ఉండదు. ఊళ్ళో నాకున్న ఆస్తి అదొక్కటే. సిగ్గు విడిచి చెబుతున్నాను, అలాగే కొన్నాళ్ళు గడిపాను.

ఒక పొద్దున అమ్మ రుబ్బుతూ రుబ్బుతూ ఆగి, "ఈ భుజం కొంచెం పట్టరా, లాగతా ఉండాది" అంది. పట్టసాగాను. వేళ్ళ కింద ఆ భుజం రాయిలా బిగుసుకుపోయి ఉంది. ఇక ఆగలేకపోయాను.

"అమ్మా, కరెంటుదేం తప్పు లేదు. నేనే వైరు తప్పు చోట పెట్టినాను."

"ఎప్పుడు?"

"మొదట్నించీ."

అమ్మ రోట్లో పిండివంక చూసింది. "అయితే మిక్సీ?"

"మంచిదే."

"మీ నాయన మోటరు?"

"అదీ మంచిదే."

ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. అమ్మ చేతులు కడుక్కుని "సరే, తప్పు యాడుండాదో ఎవురు కనిపెట్టింది?" అని అడిగింది. నేనే అన్నాను. "మరింక మొగం ఎందుకురా అట్ల పెట్టుకున్నావు" అని లోపలికి వెళ్ళింది. వరండాలో పూలు విడదీస్తున్న నాయన అంతా విన్నాడు. "అట్లనా" అన్నాడు, అంతే. ఆ రాత్రి తొందరగా అన్నం తిని పడుకున్నవాడు ఎండ గోడ మీదికి వచ్చేదాకా లేవలేదు. ఆయన నిద్రపోతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. అంత సిగ్గు నేను మళ్ళీ ఎన్నడూ పడలేదు.

మొక్కు తీర్చుకోవడానికి అమ్మతో తిరుత్తణి వెళ్ళాను. మెట్లెక్కి, దర్శనం చేసుకుని, దిగాక స్టూడియోకి వెళ్ళి పూర్తయిన పెళ్ళి వీడియో ఇచ్చాను. అన్న చూసి బాగుందన్నాడు. నేను బయటపడదామనుకునేలోపే అమ్మ మొదలుపెట్టింది. "మావోడు కనిపెట్టినాడు నాయనా. కొత్త సామానుకు పెట్టాల్సిన వైరు పాతదానికి పెట్టుండాది. ఎవురు పెట్టినారో ఏమో. ఇన్నాళ్ళుగా ఎవురికీ తెలీలేదు, వీడే వంగి చూసి పట్టుకున్నాడు."

అన్న నావైపు చూశాడు. నేను గోడ మీద గుండు చేయించుకున్న పిల్లల ఫొటోలవైపు చూశాను. "ఆమాక్కా, అవునవును, కనిపెట్టేది కష్టమే" అన్నాడాయన, నవ్వకుండా. అమ్మకు కాఫీ తెప్పించాడు. తర్వాత సొరుగు తెరిచి ఒక మెమరీ కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. "తిరువాలంగాడు పెండ్లి తంబీ. నువ్వు చెప్పినట్టే తక్కువలో తీసినాను. ఇది నువ్వే చెయ్యాల."

చేశాను. ఎంత తంటాలు పడినా మసక పోలేదు. ఇచ్చే రోజు పెళ్ళికూతురి తల్లి స్టూడియోకి వచ్చి పెద్ద తెర మీద చూసి, "అంతా మంచులో జరిగినట్టు ఉండాదే తంబీ" అంది. అన్న జవాబు నాకే వదిలేశాడు. నిజం చెప్పడం ఒకసారి అలవాటైనవాణ్ణి కదా, ఈసారి సులువుగా చెప్పేస్తాననుకున్నాను. "అది ఎఫెక్టమ్మా, ఇప్పుడు అందరూ ఇదే అడుగుతా ఉండారు" అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. చిన్నమ్మాయి పెళ్ళికి కూడా అచ్చం ఇలాగే కావాలంది.

చిన్నమ్మాయి పెళ్ళిని అన్న నిక్కచ్చిగా, వెంట్రుక కూడా కనపడేంత స్పష్టంగా తీశాడు. నేను కూర్చుని ఆ పెళ్ళంతటినీ పట్టుబట్టి మసక చేశాను. ఆ పనికి మాత్రం నా కొత్త గ్రాఫిక్స్ కార్డు తన సత్తా అంతా చూపించింది. ఆ రోజు పెట్టె ముందు కూర్చుని, చెమట తుడుచుకుంటూ, మంచి పెళ్ళికి మంచు పట్టిస్తున్న ఆ ఇంజనీరు ఇప్పుడు గుర్తొస్తే తల దించుకుంటాను. దించుకున్న తల కిందే ఎందుకో నవ్వు కూడా వస్తుంది.