కోర్టుకు చూపించిన మడి

పెన్న నీళ్లు ముందు నెల్లూరు కుళాయిలకా, మా కాలవకా అన్న కేసు కోర్టులో నడుస్తోంది. మా ఊరు కాలవకు చిట్టచివర, సముద్రం పక్కన. నీళ్లు రాని ఏడాది నేలలోంచి ఉప్పు పైకి తేలి, దానిమీద ఒకరకం కలుపు పచ్చగా పరుచుకుంటుంది. మడి చచ్చిపోతోందని మాకు చెప్పేది ఆ పచ్చదనమే.

పొలాలు చూసి రమ్మని కోర్టు ఒక లాయరును పంపుతోందని తెలిసినాక నాయనకు కుదురు లేదు. "టౌనువాళ్లకు ఏం తెలుస్తుంది? పచ్చగా కనిపిస్తే పైరే అనుకుంటారు" అన్నాడు. ఆయన వచ్చే రోజు పొద్దున్నే ఇంటిల్లిపాదీ మడిలో దిగి కలుపంతా పీకేసినాం. అంతటితో ఆగినా బాగుండేది. చేతులు ఊరుకుంటాయా? నాయన గట్లు చెక్కినాడు. అమ్మ మడి పక్క పిల్లకాలవలో పూడిక తీసింది. నేను మట్టిగడ్డలు పగలగొట్టినాను. పంటలేని చేనుకి ఇంత ముస్తాబు చేసే తెలివితక్కువవాళ్లు ఇంకెవరుంటారు?

లాయరు వచ్చి గట్టుమీద నిలబడినాడు. "పొలం చక్కగా పెట్టుకున్నారే. నాట్లకు సిద్ధమా?" అంటూనే ఏదో రాసుకున్నాడు. మా పొలాన్ని ఎవరు మెచ్చుకున్నా మీసం దువ్వుకునే నాయన, ఆ రాసే చేతివైపే బెదురుగా చూసినాడు. గట్టుమీద వాడిపోతున్న కలుపు కుప్ప చూపించి, "ఉప్పు సార్, ఇది ఉప్పుకి మొలిచింది" అన్నాడు.

"పీకేసినారుగా, ఇంకేం" అని ఆయన కారెక్కినాడు.

తీర్పు ఇంకా రాలేదు. మడి మళ్లీ పచ్చబడింది. ఈసారి ఎవరం చెయ్యి పెట్టలేదు.