పురిటికొచ్చిన కొంగలు

మా పెద్దమ్మ పోయిందని మొన్న అనంతపురంలో ఉండగా కబురు వచ్చింది. ఊరంతటికీ పురుళ్లు పోసిన మనిషి. అందరూ ఆమె చేతి చలవ గురించే చెప్పుకుంటున్నారు. నేను ఆమె పగ గురించి చెబుతాను. నాకు ఆమెలో అదే ఎక్కువ ఇష్టం.

చెరువు నిండిన ఏడాది ఎర్రకాళ్ల కొంగలు మా ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడబిడ్డలంటారు వాటిని మావాళ్లు. పిల్లలు ఎగిరిపోయేదాకా చింతకాయ దులపరు, పెళ్లికైనా మేళం పెట్టరు. మధ్యాహ్నాలు పెద్దమ్మా నేనూ అరుగు మీద కూర్చుని చూసేవాళ్లం. తల్లికొంగ పిల్లలకు నీడపట్టడానికి ఎండకు అడ్డంగా రెక్కలు విప్పి నిలబడేది. ''దాని ఓపిక చూడే, మనకుండాదా అంత?'' అనేది పెద్దమ్మ.

మునసబు ఇంటిముందు చెట్టు మీదే గూళ్లు ఎక్కువ. రెట్టల కంపు పడలేక ఆయన ఒకనాడు, పిల్లలు గూళ్లలో ఉండగానే, ఆ చెట్టు కొట్టించాడు. పెద్దమ్మ ఒక్కతే వెళ్లి, చచ్చిన పిల్లల్ని గంపకెత్తి ఆయన గడప ముందు దించింది.

''పురిటిల్లు కూల్చినావు కదప్పా. ఈ పాపం నీ కండ్లముందరే పండాల,'' అంది.

ఆ వేసవిలోనే మునసబు కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలవగానే మునసబు మా వాకిట్లోకి వచ్చి, ''తప్పయిపోయినాది, రాక్కా,'' అన్నాడు. నేనైతే కదిలేదాన్ని కాదు. పెద్దమ్మ చేతిలో పని వదిలి పరుగెత్తింది. ''పగ ఆయప్పతో, ఆ పాపతో కాదే,'' అంది నాతో.

మగబిడ్డ క్షేమంగా పుట్టాడు. నీళ్లు పోసి తల్లి ఒడిలో పెట్టాక పెద్దమ్మ తన పని మొదలుపెట్టింది. ''ఇంటిముందర చెట్టు ఏమాయనని అడిగితివి కదమ్మా. పిల్లలుండంగానే మీ నాయన కొట్టించినాడు,'' అని చెప్పింది. ఒక్క మాట కూడా ఎక్కువ కలపలేదు.

ఒంట్లో సత్తువ రాగానే ఆ పిల్ల అత్తగారింటికి వెళ్లిపోయింది. తర్వాతి కాన్పులకు మా ఊరే వచ్చింది కానీ, దిగింది పెద్దమ్మ ఇంట్లో. మునసబు వీధిలో నిలబడి బతిమాలేవాడు. పెద్దమ్మ కొర్రలు చెరుగుతూ, ''బాలింత నిద్రపోతాండాది, పోప్పా,'' అనేది. ఆ మాట వింటే నాకు కడుపు నిండినట్టుండేది.

మొన్న నేను ఊరు చేరాక, పెద్దమ్మ శవం లేవకముందు మునసబు పూలదండతో వచ్చాడు. ఆయన కూతురే గడపలో అడ్డంగా నిలబడి దండ అందుకుంది, దారి ఇవ్వలేదు. మేమెవరమూ ఇవ్వమనలేదు. నాకు జాలి కూడా వేయలేదు. ఆమె పెద్దకొడుకు తల్లి వెనకనుంచి తొంగిచూశాడు.

''ఎవరుమ్మా ఆయప్ప?''

''మునసబు,'' అంది ఆమె.

ముసలాయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని, వాడి వైపే చూస్తూ ఎండలో నిలబడిపోయాడు.