నవ్వో ఏడుపో

బైండింగ్ షాపులో పుస్తకాలు కుట్టే అతనికి మతి చెదిరి ఇరవై రెండేళ్లయింది. మందులతో చెవుల్లోని గొంతులు సద్దుమణిగాయి గానీ, ఎదుటివాళ్ల ముఖాలు మాత్రం ఇప్పటికీ అంతుపట్టవు. పక్క బల్ల దగ్గర ఎవరైనా పకపకా నవ్వితే చేతిలో సూది ఆగిపోతుంది. "నన్ను చూసేనా?" అని అడుగుతాడు. "నిన్ను కాదయ్యా, వాళ్లదేదో సినిమా గొడవ," అంటాడు ముసలి మేస్త్రి, రోజుకి నాలుగైదుసార్లు, విసుక్కోకుండా. అప్పుడు గానీ సూది కదలదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి, ఇన్నేళ్లుగా తనని కనిపెట్టుకుని ఉన్న అక్క వంటగది గోడకి ఆనుకుని, మొహం చేతుల్లో దాచుకుని కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. గుమ్మంలోనే నిలబడి చాలాసేపు చూశాడు.

"అక్కా, నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"ఏడుస్తున్నాన్రా."

"నా మీద కోపమా?"

"కాదురా. అలిసిపోయాను, అంతే."

అలుపంటే అతనికి బాగా తెలుసు. మందుల మత్తు వదలని ప్రతి పొద్దునా ఒళ్లు ఇసుక బస్తాలా ఉంటుంది. వెళ్లి ఆమె పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"నాకూ అంతేనక్కా. ఇరవై రెండేళ్లయింది."

అక్క భుజాలు మళ్లీ కదిలాయి. అతను బెదిరిపోయి చూశాడు. అడక్కముందే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఇది నవ్వేరా," అంది.